ముందు వరుసలో నిఖత్

పేదల కేసులు ఉచితంగా వాదించే ప్యానెల్ లాయర్లను తీసేసి, జీతానికి కొత్తవాళ్లను పెడతామంది సర్కారు. లాయర్లు విధులు బహిష్కరించి కోర్టు గేటు ముందు టెంటు వేశారు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి తొడిమలు తీసే నిఖత్ భరణం కేసు ఆ రోజే ఉంది. ఆమె తరఫు ప్యానెల్ లాయర్ హెప్సిబా ఆమెను టెంటులో ముందు వరుసలో కూర్చోబెట్టి ప్లకార్డు ఇచ్చింది.

"నా కేసు, మేడం?"

"వాయిదా ఏస్తరక్కా, ఫికర్ చెయ్యకు. జర పైకి పట్టు, పేపరోళ్లు ఫొటో తీస్తాండ్లు."

లోపల బంట్రోతు నిఖత్ పేరు మూడుసార్లు పిలిచాడు. నినాదాల హోరులో ఎవరికీ వినిపించలేదు. రాలేదని కేసు కొట్టేశారు.

తిరిగి తెరవమంటూ హెప్సిబా అర్జీ వేసింది. నిఖత్ వచ్చిందనడానికి రుజువుగా పేపర్లో పడ్డ ఫొటో జతచేసింది. ప్లకార్డు మీద అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి: 'పేదలకు న్యాయం దూరం చేయొద్దు'.