ఒక్క మనిషి నెత్తురు

నెత్తురు స్లైడ్లన్నీ పాజిటివే. ములకలపల్లి దవాఖానా ల్యాబ్ టెక్నీషియన్ సరళ ఆ మాట చెప్పగానే డాక్టర్ ఆదినారాయణ జీపెక్కాడు. వాగవతల రాళ్లగూడెంలో మెదడుకెక్కే మలేరియా ఇంటింటికీ పాకిందంటే ఇక ఆగడానికి లేదు. ఉన్న క్వినైన్ ఇంజక్షన్లన్నీ ఆయనతోపాటే వాగు దాటాయి.

హాతీరాం ఈసారి గూడెమంతా ఊడ్చుకొచ్చిండని నర్సు నవ్వింది. స్లైడ్లు తెచ్చిన హెల్త్ వర్కర్ అతనే.

సరళకు నవ్వు రాలేదు. మళ్లీ మైక్రోస్కోపు ముందు కూర్చుంది. చీటీల ప్రకారం పసిపిల్ల నెత్తురు, ముసలమ్మ నెత్తురు, గొడ్లు కాసేవాడి నెత్తురు. ఊరంతా జబ్బుపడ్డా ఒకరిలో క్రిములు ఎక్కువుంటాయి, ఒకరిలో తక్కువుంటాయి. ఇక్కడ ఏ స్లైడు పెట్టినా అదే కిటకిట.

ఇది ఒక్క మనిషి నెత్తురు. ఆ మనిషెవరో గానీ, జల్దీ మందు పడకపోతే బతకడం కష్టం.

హాతీరాం ఇల్లు వెనక వీధిలోనే. సరళ పరుగున వెళ్లేసరికి అతను గుమ్మంలో నిక్షేపంగా నిలబడి ఉన్నాడు. లోపల మంచం మీద అతని భార్య సక్రి పలకడం లేదు. సరళ ఆమె చెయ్యి తిప్పి చూసింది. వేళ్ల కొసలన్నిటా సూదిపోట్లే.

"స్లైడ్లు తీసేనాడు వాగు పొంగింది, గూడెం పోలేకపోయిన," హాతీరాం గొణిగాడు. "ఇంట్ల జ్వరం మనిషుండె, లెక్కకు ఆమె నెత్తురే తీసిన. వానకు తడిసిన జ్వరమే అనుకున్న. గోలీలు గిట్ల వేసిన. ఎవలకూ చెప్పకు సరళా, నౌకరి పోతది."

"నౌకరి ముచ్చట తర్వాత. వదినను లేపు."

అవతలి ఒడ్డున సెల్లు పలకదు. కొత్తగూడెం పెద్దాసుపత్రి చాలా దూరం. సక్రిని ఆటోలో వేసుకుని వాగు దగ్గరికి తీసుకెళ్లారు. పైన అడవిలో మళ్లీ వాన పడినట్టుంది, నీళ్లు చప్టా మీదుగా ఎర్రగా పోతున్నాయి. అవతల జీపు అప్పటికే తిరిగొచ్చి ఆగి ఉంది.

"ఊళ్లో ఒక్కరికీ జ్వరం లేదు. ఎవరి రక్తమయ్యా అది?" డాక్టర్ అటునుంచి అరిచాడు.

హాతీరాం సరళ వైపు చూశాడు. ఆమె సక్రి నాడి చూస్తోంది.

"నా పెండ్లాందే సార్."

ఆ మాట అని నీళ్లలోకి దిగాడు. అవతలివాళ్లు తాడు విసిరారు. నడుంలోతులో రెండుసార్లు తూలాడు. అయినా మందుల డబ్బా నెత్తిన పెట్టుకుని ఇవతలికి వచ్చాడు.

సరళ అంతసేపూ సక్రి మణికట్టు పట్టుకునే ఉంది. ఇప్పుడు ఆ చేతిని మెల్లగా సక్రి గుండెల మీద పెట్టింది. అతను ఆటో దగ్గరికొచ్చి డబ్బా చేతికిచ్చాడు.

ఆమె దాన్ని తెరవలేదు.