పచ్చి తొక్క

కడుపుమంటకి మందు లేదంటారు. తామరకి మందు తయారుచేసే ఇంట్లో ఉంటూ కూడా పెద్దకోడలు ఆ మంటతోనే వేగుతోంది.

ఆ ఇంటి కింది భాగమంతా మందుల తయారీయే. పెరట్లో అక్రోటు చెట్టు. ఎండిన ఆకులతో కషాయం కాస్తే ఆ వగరుకి చిగుళ్ళ వాపు తగ్గుతుంది. అది పెళ్ళయిన నాటినుంచీ పెద్దకోడలి పని. కాయల మీది పచ్చి తొక్క దంచి తామరకి లేపనం చెయ్యడం మొన్నమొన్న వచ్చిన చిన్నకోడలి పని. కొత్తొక వింత, పాతొక రోత! అత్తగారి నోట ఎప్పుడూ ఆ లేపనం మాటే. ఇప్పుడు ఆవిడకి మోకాళ్ళు సహకరించక, మందుల గది తాళంచెవి వదులుకోవాలనుకుంది.

"ఈసారి లేపనం ఎప్పటిలా కుదిరితే తాళం చిన్నదానికే. లేదంటే పెద్దదానికి," అని తేల్చేసింది.

తొక్కలో పనిచేసే సరుకు పేరు జుగ్లోన్. దంచాక తడి ఆరకముందే నూనెలో కలిపితేనే దక్కుతుంది, ఎండలో ఆరితే చాలావరకు పోతుంది. ఆ సంగతి పెద్దకోడలికి తెలుసు. తొక్క దంచి, తడిగుడ్డ కప్పి చిన్నకోడలు సీసాల కోసం బజారుకెళ్ళగానే, ముద్దంతా చేత్తో తోడి డాబా మీద పరిచింది. ఆరాక నీళ్ళు చిలకరించి మళ్ళీ గిన్నెలో సర్దింది. సబ్బుతో చేతులు కడుక్కుంది. శుభ్రంగా ఉన్నాయి.

ఆమె ఎరిగింది ఎండుటాకులనే. చిన్నకోడలు ఎప్పుడూ చేతులకి తొడుగులు వేసుకునే తొక్క దంచేది. పచ్చి తొక్క రసం ముందు కనిపించదనీ, గాలి తగిలి కాసేపటికి చర్మం మీద నల్లబడుతుందనీ ఆమెకెవరూ చెప్పలేదు.

చిన్నకోడలు తిరిగొచ్చి ఆ ముద్దనే నూనెలో కలిపింది. సాయంత్రం అత్తగారు ఆ లేపనంలోంచి కాస్త తీసి, పరీక్షకి అమోనియా చుక్క వేసింది. వంగపండు రంగు తిరగాల్సింది, టీ రంగు దాటలేదు.

"ఇదేంటే, మందే లేదు ఇందులో!"

పెద్దకోడలికి ప్రాణం లేచొచ్చింది. తాళంచెవి కోసం చెయ్యి చాపింది. అప్పుడు చూసుకుంది, వేళ్ళన్నీ మసి పూసినట్టున్నాయి. అత్తగారి చూపూ అక్కడే ఆగింది.

"నీ చేతులకేమైంది?"

పెద్దకోడలు చెయ్యి కొంగులోకి లాక్కుంది.

"తొక్క దంచడానికి నేనే అక్కని సాయం రమ్మన్నాను అత్తయ్యా," అంది చిన్నకోడలు. "ముద్ద ఎండలో పెట్టి మర్చిపోయాను. తప్పు నాదే."

అత్తగారు తాళంచెవి పెద్దకోడలి చేతిలో పెట్టి, చిన్నకోడలిని దగ్గరికి తీసుకుంది. "ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలే, బంగారుతల్లీ!" అంది. పెళ్ళయిన నాటినుంచీ పెద్దకోడలు ఒక్కసారైనా విందామని కాచుకున్న మాట అది.

ఆవిడ వెళ్ళాక పెద్దకోడలు ఆగలేకపోయింది.

"ఎందుకే అబద్ధం ఆడావు?"

"రేపు మళ్ళీ ఒకే గదిలో పని చేసుకోవాలి కదక్కా."

గొంతులో ఎత్తిపొడుపు లేదు. వెతికినా లేదు. ఆ మంచితనం చూసి కూడా పెద్దకోడలికి కుళ్ళు పుట్టింది.

"నన్నొక్క తిట్టు తిట్టవే," అంది బతిమాలుతున్నట్టు. "నీకు పుణ్యముంటుంది."

చిన్నకోడలు గిన్నె కడుక్కుంటూ ఉండిపోయింది.