అధిక మాసం దాకా

రోడ్డు వెడల్పు పని సోల్‌చీ ఊరికి చేరేలోగా నేను చేయాల్సినవి ఇవి. అడ్డొచ్చే అక్రోటు చెట్లకు రంగు గుర్తులు వేయించాలి. బస్సు షెల్టరు ఎటు జరపాలో ఊరివాళ్ళతో తేల్చుకోవాలి. ఎటు జరిపినా ఎవరో ఒకరి వాకిలికి అడ్డమే. తేనెపెట్టెలాయన్ని కొండ అవతలికి వెళ్ళమని ఒప్పించాలి. దుమ్ముకి ఆవులు పాలివ్వడం లేదని ఫిర్యాదు పెట్టినామెకు జవాబు రాయాలి. రాతిమలుపు మీదున్న సమాధుల దగ్గర బోర్డులు పాతాలి. బంధువులు వస్తే వివరాలు రాసుకుని, ఎవరూ రాని సమాధులను వానలకు ముందే తవ్వించి, అస్థికలను దహనం చేయించి, కౌంటీ అస్థికల భవనానికి చేర్చాలి.

అన్నీ చేశాను. ఆ చివరి పని గురించే ఇది.

మా రోడ్డుకి మూడంకెల నంబరు ఉంది కానీ ఆ నంబరుతో పిలిచేది మా ఆఫీసొక్కటే. నది రేవు దగ్గర మొదలై, వెల్లుల్లి పొలాల మధ్యగా వచ్చి, రాతిమలుపు తిరిగి, సోల్‌చీ కనుమ ఎక్కి దిగి, రైలు స్టేషను ఉన్న పట్నంలో ఆగుతుంది. దారి పొడవునా ఉన్న ఊళ్ళవాళ్ళకి అది "కొత్తబాట". జపాను వాళ్ళు మమ్మల్ని ఏలిన కాలంలో ఇంటికొక మనిషిని వెట్టికి లాక్కెళ్ళి వేయించినప్పుడు వచ్చిన పేరది. నూరేళ్ళు కావొస్తున్నా ఇంకా కొత్తదే. ఉత్తరానికీ దక్షిణానికీ జరిగిన యుద్ధంలో ట్యాంకులు దాన్ని గుంతలు చేసి పోయాయి. తర్వాత పదేళ్ళకి, జనం ఆకలితో ఉన్న రోజుల్లో, కూలీ కింద అమెరికా గోధుమపిండి ఇచ్చి, రాతిమలుపును పగలగొట్టించి లారీ పట్టేలా చేశారు. ఒలింపిక్స్ ముందు తారు పడింది. నేను హైస్కూలుకి వెళ్ళింది ఆ తారు మీదే. మలుపు దగ్గర డ్రైవరు హారను కొడితే కునుకు తీస్తున్న పిల్లలమంతా ఉలిక్కిపడి లేచేవాళ్ళం. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనొక్కదాన్నే. ప్రాంతీయ రోడ్ల కార్యాలయంలో ఉద్యోగం వచ్చిన రోజున మా నాన్న, "ఇంక ఆ మలుపు సంగతి నువ్వే చూడాలి" అన్నాడు. వెల్లుల్లి వేసుకుని వెళ్తుంటే ఆయన ట్రాక్టరు అక్కడే ఒకసారి బోల్తా పడింది.

బోర్డులు పాతిన వారానికి ఒక ముసలావిడ మా ఆఫీసు తలుపు తోసుకుని వచ్చింది. చంకలో బోర్డు. కొయ్యతో సహా పెరికి, మట్టి కూడా దులపకుండా బస్సులో తెచ్చింది.

"దీన్ని పాతిందెవరు?"

"నేనే అవ్వా."

"చదువుకున్నదానివేనా?"

"ఆఁ."

"మరి కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా? ఎవరూ లేని సమాధి అని రాశావే, ఎవరూ లేని సమాధి మీద గడ్డి అంత పొట్టిగా ఎట్లా ఉందనుకున్నావ్? దానంతటది కొడవలి పట్టి కోసుకుందా?"

ఆఫీసులో అందరూ తలలు దించుకుని నవ్వారు. నేను ఆవిడని కూర్చోబెట్టి బార్లీ టీ ఇచ్చాను. గుర్తింపు కార్డులో పేరు పిల్నమ్ అని ఉంది. ఊళ్ళో ఆ పేరు ఎవరికీ తెలియదు. సగోక్ అనే ఊరి నుంచి కోడలై వచ్చింది కాబట్టి సగోక్ ఆవిడ, వయసు మీద పడ్డాక సగోక్ అవ్వ.

"ఆ సమాధిలో ఉన్నాయన మీకేమవుతారు?"

"ఏమీ అవ్వడు. నేనాయన్ని చూళ్ళేదు కూడా."

నేను రాసుకోవడం ఆపేశాను. ఆవిడ టీ ఊదుకుంటూ చెప్పింది. పిండి కూలీ రోజుల్లో ఆవిడ అత్తగారు మలుపు కింద బియ్యపు కల్లు అంగడి నడిపేదట. అక్కడ చూరు కింద పడుకునేవాడు ఆ మనిషి. యుద్ధంలో ఉత్తరం నుంచి ఒక్కడే దిగొచ్చాడు. సరిహద్దు మూసుకుపోయాక పెళ్ళాం పిల్లలు అవతలే ఉండిపోయారు. ఊరు హేజూ అని చెప్పాడు కాబట్టి అందరూ హేజూ అన్న అనేవాళ్ళు. ఉత్తరం నుంచి వచ్చినవాణ్ణి అంతకుమించి అడగడం ఆ రోజుల్లో అతనికీ మంచిది కాదు, అడిగినవాళ్ళకీ మంచిది కాదు.

"ఆయన పోయిన రోజుకి ముందు రాత్రి మా మామ పక్కింటి పితృపూజలో పీకలదాకా తాగాడు. తెల్లారి లేవలేడు. పోకపోతే ఆ పూట పిండి రాదు. హేజూ అన్న మా అత్తతో 'పడుకోనీ వదినా, నేను చూసుకుంటాలే' అని మా మామ గునపం భుజానేసుకుని పోయాడు. ఆయన ఆ గునపం వేసిన చోటే రాయి పగలగొట్టే మందుగుండు వేళకి ముందే పేలింది." ఆవిడ కప్పు కింద పెట్టింది. "నా పెళ్ళయిన ఏడు మా అత్త నా చేతికి కొడవలిచ్చి, 'పద, నీ మొగుడికి తండ్రెట్లా మిగిలాడో చూపిస్తా' అంది. అంతే. అప్పట్నుంచీ కోస్తున్నా."

సమాధిని చాలాకాలంగా చూసుకుంటున్నవాళ్ళు కూడా దానికి బాధ్యులుగా రావచ్చని మా నిబంధనల్లో ఉంది. ఇద్దరు ఊరివాళ్ళు సాక్ష్యం చెప్పాలి, ఎక్కడికి మారుస్తారో చూపాలి. ఆ మాట ఆవిడకి చెప్పగలిగినందుకు నాకు చాలా సంతోషమేసింది. నేను చదువుకున్నది ఇలాంటి మాట ఒకటి చెప్పడానికే అనిపించింది.

సాక్ష్యం కష్టం కాలేదు. సోల్‌చీలో ముసలివాళ్ళు కాలక్షేపం చేసే హాలుకి వెళ్తే ఆడవాళ్ళు పేకాటలో ఉన్నారు.

"ఏం సగోక్ వదినా, ఇన్నేళ్ళు గడ్డి కోశావు, ఒక్కసారైనా కల్లోకొచ్చాడా?" అంది ఒకావిడ ముక్కలు పంచుతూ.

"వస్తే మీ అన్నయ్య ఊరుకునేవాడా? కల్లోకొచ్చిమరీ తన్నేవాడు."

"పోయాడుగా మీ ఆయన. ఇప్పుడు రమ్మను!"

నవ్వుతూనే వాళ్ళలో ఇద్దరు సాక్షులుగా వేలిముద్రలు వేశారు.

చోటు దగ్గర చిక్కు వచ్చింది. రోడ్డుకి, ఇళ్ళకి దగ్గరలో కొత్త సమాధి కట్టనివ్వరు. అవ్వకున్న పొలమంతా రోడ్డు వారనే. ఇక మిగిలింది అత్తింటివాళ్ళ వంశపు కొండ, వాళ్ళ సమాధులన్నీ ఉన్న చోటు. దానికి పెద్ద దొక్‌సు గారు, అవ్వ భర్తకి పెత్తండ్రి కొడుకు. అవ్వ నన్ను వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళింది. ఆయన వసారాలో కూర్చుని వెల్లుల్లి జడలు అల్లుతున్నాడు.

"బావగారూ, పై వరసలో అడగట్లేదు. కింద మూల, మా ఆయన కాళ్ళ దగ్గర. ఒక చాప పట్టేంత."

ఆయన అల్లుతున్న జడకి ముడేశాడు. "సగోక్ అమ్మాయ్, మా చిన్నాన్న గునపం సంగతి నాకు తెలీదా? నేను కాదంటానా?" అని జడ పక్కన పెట్టాడు. "కానీ వేళగాని వేళ పరాయి ఎముకలు తెస్తే వంశం మొత్తానికి దోషం చుట్టుకుంటుంది. అధిక మాసం రానీ. ఆ నెల దేవుళ్ళూ దెయ్యాలూ అందరూ సెలవులో ఉంటారు. ఏం చేసినా చూసేవాడుండడు. అప్పుడు తీసుకురా."

మా దగ్గర సమాధులు కదిపేది అధిక మాసంలోనే. అది మూడేళ్ళకోసారి వస్తుంది. అదృష్టం కొద్దీ ఈ ఏడే ఉంది. ఆరో నెల తర్వాత, అంటే జులై చివర. అవ్వ వంగి వంగి దండం పెట్టింది. తిరిగొచ్చేటప్పుడు దారంతా ఆగలేదు, మోకాళ్ళ నొప్పి కూడా మర్చిపోయినట్టుంది. ఇంటి దగ్గర నా సంచిలో ఉడకబెట్టిన బంగాళాదుంపలు కుక్కింది.

మరుసటి రోజు మా టీమ్ లీడర్ బాన్ గారి ముందు నిలబడ్డాను.

"ఆ ఒక్క సమాధీ జులై చివరిదాకా వదిలేద్దాం సార్."

"వానలెప్పుడు మొదలు?"

"జూన్ చివర సార్."

"పోయినేడు వానల్లో మలుపు మీద మట్టి దిగిందని ఫోనొస్తే ముందు పోయిందెవరు?"

"మనమిద్దరమే."

"బస్సు ఎక్కడాగింది?"

మట్టికుప్ప బస్సు ముందు అద్దాన్ని ఆనుకుని ఉంది. డ్రైవరు మేం వెళ్ళేదాకా స్టీరింగు వదల్లేదు; వేళ్ళు ఒక్కొక్కటీ మేమే విప్పాం.

"కొండని సగం కోసి వానకి వదిలేద్దామంటావు. సరే ఇన్‌జే, నువ్వు సంతకం పెడతావా?" ఆయన కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు.

నేను పెట్టలేను. ఆ బస్సులో ఇప్పుడెక్కేది మా ఊరి పిల్లలే.

చివరికి నాకు తోచింది ఒక్కటే. జూన్‌లో తవ్వి, బూడిదని అస్థికల భవనంలో ఉంచి, అధిక మాసం రాగానే అవ్వకి అప్పగించడం. బాన్ గారు ఒప్పుకున్నారు. అవ్వ ఇంటికి వెళ్ళి ఆ మాటే చెప్పాను. ఆవిడ ఒక్కటే అడిగింది.

"నెల కాని నెలలో కదిపితే దోషం ఎవరికట? తవ్వినోళ్ళకా, తవ్వించినోళ్ళకా?"

"తవ్వించినవాళ్ళకే అంటారు అవ్వా."

"అయితే నాకేగా. తగలనీ. పళ్ళు పోయాయి, మోకాళ్ళు పోయాయి. ఇంకేం పట్టుకుపోతుందో చూస్తా."

తవ్విన రోజు ఎండ బాగా కాసింది. అవ్వ ఎండుచేప, కల్లు తెచ్చి పెట్టి మొక్కింది. తవ్వేవాళ్ళ మేస్త్రి గడ్డి మీద పార ఆనించి "సమాధి తెరుస్తున్నాం!" అని మూడుసార్లు కేక పెట్టాడు. పక్కనే యంత్రాలు ఆపి వాటి డ్రైవర్లు టోపీలు తీశారు. మొదట పారలతో, తర్వాత చేతులతో తీశారు. ఎర్రమట్టి కింద ఒకచోట మనిషి పొడుగున మట్టి నల్లగా ఉంది. అందులో ఒక రబ్బరు జోడు దొరికింది, కుడికాలిది. అంతే.

మేస్త్రి వేళ్ళ మధ్య మట్టి నలిపి చూశాడు. "ఎముకల్లేవు మేడమ్. ఈ కొండ మట్టిలో ఆమ్లం ఎక్కువ. ఇన్నేళ్ళకి అంతా తినేసింది."

"ఏమీ లేదా? పన్ను కూడా?"

"ఏదీ లేదు."

అస్థికలు లేకపోతే దహనం లేదు. బూడిద లేకపోతే భవనంలో గూడు లేదు. నేను అక్కడే నిలబడి అస్థికల భవనానికి ఫోన్ చేశాను. అవతలి మనిషి చాలా మర్యాదగా, "మట్టిని నమోదు చేసే పద్ధతి మా దగ్గర లేదండీ" అన్నాడు. నేను ఆ మాట అవ్వకి ఎలా చెప్పాలా అని చూస్తుంటే, ఆవిడ అప్పటికే గుంట అంచున కూలబడి తలగుడ్డ పరిచి, ఆ నల్లమట్టిని దోసిళ్ళతో ఎత్తుకుంటోంది.

"ఏం చూస్తావ్? ఇదే ఆయన. ఆ జోడు ఇటివ్వు."

జోడుని నిబంధన ప్రకారం తగలబెట్టాలి. ఇచ్చేశాను.

అధిక మాసం మొదటిరోజు నేను సెలవు పెట్టి అవ్వతో దొక్‌సు గారింటికి వెళ్ళాను. వాన హోరున పడుతోంది. ఆయన గుడ్డమూట వైపు చూసి, మమ్మల్ని వసారాలోకి రమ్మన్నాడు.

"ఎముకలేవి?"

"ఇంతే మిగిలింది బావగారూ."

"ఎముకల్లేకుండా సమాధేంటి సగోక్ అమ్మాయ్? మట్టిలో మట్టి పాతడమా?"

అవ్వ వానని చూస్తూ కూర్చుంది. నేనే అన్నాను, "పెద్దాయనా, మీరు మాటిచ్చారు. అధిక మాసం అన్నారు."

"అన్నాను." ఆయన గొంతు తగ్గించాడు కానీ అవ్వ చెవులు నా చెవులకంటే చురుకు. "నీ యంత్రాలు ముందే వస్తాయని తెలిసే అన్నానమ్మా. సమాధి సంగతి దానంతటది తేలిపోతుంది, నేను ఎవరికీ కాదని చెప్పక్కర్లేదు అనుకున్నా. సియోల్‌లో ఉన్నోళ్ళూ, బూసాన్‌లో ఉన్నోళ్ళూ, ఒక్కొక్కళ్ళూ ఫోన్ చేసి పేరూ ఊరూ లేనోణ్ణి మన తాతల కాళ్ళ దగ్గర పెడతావా అంటున్నారు. నేనొక్కణ్ణి ఎంతమందికి చెప్పను? కొండ నాదా ఏంటి? నేను కాపలాదారుణ్ణి."

ఆయన అబద్ధం ఆడటం లేదు. అవ్వ మూట ఒళ్ళోకి తీసుకుని లేచింది.

"సరే బావగారూ. వానలో బయటికి రాకండి, జారతారు."

దారిలో నేను, రోడ్డుకి దూరంగా ఉన్న మా పొలం గట్టున చోటు ఇమ్మని మా నాన్నని అడుగుతానన్నాను. ఆ సాయంత్రం అడిగాను కూడా. మొక్కలకి మట్టి ఎగదోస్తున్నవాడు నడుం నిలబెట్టి, "మీ అన్నకి సంబంధాలు చూస్తున్నాం. ఇప్పుడు ఎవరిదో సమాధి మన గట్టున ఉందంటే..." అని ఆగిపోయాడు. నా మొహం చూసి, "నువ్వు పెద్దచదువు చదివావు. నువ్వే చెప్పు, ఏం చేద్దామో" అన్నాడు. నేను పక్క సాలులోకి దిగి మట్టి ఎగదోశాను.

అధిక మాసం అయిపోయింది. ఆ వానలకు రాతిమలుపు దగ్గర ఒక్క పెళ్ళ కూడా జారలేదు. బాన్ గారు చేసింది మంచిపనే. శరదృతువులో రోడ్డు తెరిచారు. మలుపు ఇప్పుడు మలుపులా లేదు, బస్సు డ్రైవరు హారను కొట్టడు.

పంటపండగకి ముందు, సమాధుల మీద గడ్డి కోసే ఆదివారం, నేను తనిఖీకి ఆ దారినే వెళ్తున్నాను. అవ్వ రోడ్డు వారన నిలబడి ఉంది. చేతిలో కొడవలి. ఎదురుగా కొండ చెంపంతా బూడిదరంగు సిమెంటు పూత. కారాపి దిగాను.

"అలవాటుకొద్దీ వచ్చేశానే," అంది. కొడవలిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చేతులు మార్చుకుంది. "ఇక్కడ గడ్డి మొలవదా?"

"మొలవదు అవ్వా."

ఇంటి దగ్గర దింపాను. పెరట్లో పులియబెట్టిన సోయా ముద్ద నిల్వ చేసే జాడీల వరస ఉంది. చివరి చిన్న జాడీ మూత తీసి చూపించింది. నల్లమట్టి, దాని మీద రబ్బరు జోడు. "వర్షం పడకుండా మూత మీద రాయి పెడుతున్నా. నేనున్నన్నాళ్ళూ ఇక్కడే. ఆ తర్వాత మా కోడలు పట్నం నుంచి వచ్చి జాడీలన్నీ కడిగి అమ్మేస్తుంది. దానిదేం తప్పు, దానికేం తెలుసు?"

"మీ అన్నయ్య పెళ్ళయ్యాక మళ్ళీ మీ నాన్నని అడుగు" అనైనా అవ్వ అంటుందేమో అని ఎదురుచూశాను. అనలేదు. నేనే అడుగుతానని మాటిచ్చాను. మా నాన్న ఏమంటాడో నాకు తెలియదు. ఆవిడ మోకాళ్ళు ఇంకొక అధిక మాసం దాకా ఆగుతాయో లేదో అదీ తెలియదు.

అందుకే ఇది రాస్తున్నాను. మీలో ఎవరైనా ఎప్పుడైనా నది రేవు నుంచి కొత్తబాట మీద వస్తే, వెల్లుల్లి పొలాలు దాటాక ఎడమపక్క బూడిదరంగు గోడ వస్తుంది. అక్కడ బండి ఆపనక్కర్లేదు, ఆపడానికి చోటు కూడా లేదు. ఇంకొకరి గునపం భుజానేసుకుని పోయి తిరిగిరాని హేజూ అన్నని మాత్రం ఒక్కసారి తలుచుకోండి. ఆయన పేరు మాకు తెలియదు.