మొదటి రోజు, రెండో కాలు

అత్తగారి కాళ్లకు నూనె రాసి, దుప్పటి కప్పి, చేతులు కడుక్కుని ఆమె బయల్దేరింది. తుంటి ఎముక విరిగినప్పటి నుంచీ ఆవిడ మంచం దిగాలంటే ఎవరో ఒకరు ఎత్తాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ కోడలే. భర్త రోజూ జిమ్‌కి వెళతాడు. అక్కడ ఆయన ఎత్తే బరువు వాళ్లమ్మ బరువు కంటే ఎక్కువ. "నాకు రాదే బాబూ, ఆ ఒడుపు నీకే ఉంది," అంటాడు. అది మెచ్చుకోలని ఆమె కొన్నాళ్లు నమ్మింది కూడా.

ఆమె పనిచేసే కళ్లజోళ్ల దుకాణానికి పై అంతస్తులో, నిలువు స్టీలు రాడ్డు పట్టుకుని చేసే పోల్ ఫిట్‌నెస్ క్లాసు నడుస్తుంది. సాయంత్రాలు ఆడవాళ్లు అరచేతులు రుద్దుకుంటూ, నవ్వుకుంటూ మెట్లు దిగి వస్తారు. అద్దాలు బిగించే పని ఆమెది. ఎవరైనా వస్తే టీ తెచ్చే పనీ ఆమెదే. ట్రేతో నిలబడి వాళ్లను చూసేది. అంత నవ్వొచ్చేది ఏముంది పైన?

తనూ ఆ క్లాసులో చేరతానని ఇంట్లో చెప్పేసరికి భర్త పేపరు దించాడు. "రాడ్డు పట్టుకుని వేలాడతావా? ఈ వయసులో? అయినా ఆ పొట్టి నిక్కర్లు ఎవరికి చూపించడానికట?"

అత్తగారు మాత్రం మంచం మీంచి మెడ ఎత్తి, "పైకెక్కాక ఏం చేస్తారే?" అని అడిగింది.

"తెలీదత్తయ్యా. అందుకే వెళ్తున్నా."

గదిలో ఆరు పోల్స్, ఒక గోడంతా అద్దం. టీచరు వయసులో చిన్నది. ముందు మణికట్లు తిప్పించింది, భుజాలు తిప్పించింది, తుంటి కీళ్లు వదులయ్యేదాకా వంగించింది. పోల్ ముట్టుకోకముందే ఆమెకు చెమట పట్టింది. పక్కనున్న బ్యాంకు ఉద్యోగిని, "ఇంతేనేమో, ఇహ ఇంటికెళ్లిపోదామా?" అంది. ఇద్దరూ నవ్వారు.

తర్వాత పోల్ పట్టుకుని చుట్టూ నడవమంది టీచరు. ఆమె చెయ్యి జర్రున జారింది. మళ్లీ పట్టుకుంది. మళ్లీ జారింది.

"చేతులకి ఏమన్నా రాశారా అక్కా?"

"నేనేం రాసుకోలేదు. మా అత్తగారి కాళ్లకి రాశాను. సబ్బుతో కడిగానే!"

"సబ్బుకి పోదు. క్లాసుకి వచ్చే రోజు నూనె, క్రీము ఏదీ ముట్టుకోకూడదు." టీచరు స్పిరిట్‌లో ముంచిన గుడ్డ ఇచ్చింది. ఆమె చేతులు తుడుచుకుంది. పోల్ కూడా తుడిచింది. ఇంట్లో పని ఇంట్లోనే వదిలి వచ్చాననుకుంది, అరచేతుల్లో పెట్టుకుని తెచ్చింది.

ఆమె వేసుకొచ్చిన లెగ్గింగ్స్ చూసి, మోకాళ్లపైకి మడవమంది టీచరు. "బట్ట జారిపోతుంది. చర్మమైతే పట్టుకుంటుంది." అంతేనా? నిక్కర్ల సంగతి ఇంతేనా? అద్దంలో చూస్తే ఎవరి కాళ్లు వాళ్లు చూసుకుంటున్నారు, అదీ ఎక్కడ పెట్టాలో తెలీక. ఆమె మడిచింది.

అసలు పాఠం అప్పుడు మొదలైంది. పోల్ పక్కన నిలబడి, ఒక చెయ్యి పైకి చాచి పట్టుకుని, పోల్ వైపున్న లోపలి కాలు దానికి చుట్టి, రెండో కాలు నేల మీంచి తీసెయ్యాలి. ఒంటి బరువంతా చేతిమీద పడుతుంది. పోల్ చుట్టూ తిరుగుతూ కిందికి వచ్చేస్తాం. ఆమె కాలు చుట్టింది. రెండో కాలు కదల్లేదు. గ్యాస్ బండ బరువు ఆమెకు తెలుసు, బియ్యం బస్తా బరువు తెలుసు, నిద్రలో ఉన్న అత్తగారి బరువు, మేలుకుని ఉన్న అత్తగారి బరువు వేరువేరుగా తెలుసు. తనెంత బరువుంటుందో ఈ చేతులకు తెలీదు. తెలుసుకోవాలనిపించింది.

అప్పుడే సంచిలో ఫోను మోగింది. భర్త.

"అమ్మ బాత్రూంకి వెళ్లాలంటోంది. వచ్చెయ్."

మామూలుగా అయితే ఈపాటికి మెట్లు దిగుతూ ఉండేది. చెప్పుల కోసం గుమ్మం వైపు చూసింది కూడా. కాళ్లు మాత్రం అక్కడే ఉన్నాయి.

"క్లాసులో ఉన్నాను. మీరు ఎత్తండి."

"నాకు రాదని తెలుసుగా!"

"చెప్తాను. స్పీకర్ పెట్టండి. చక్రాల కుర్చీ మంచానికి ఆనించి బ్రేకు వెయ్యండి. ముందు లేపి కూర్చోబెట్టండి. మీరు కాళ్లు ఎడంగా పెట్టి మోకాళ్లు వంచండి. నడుం వంచితే పట్టేస్తుంది. చేతులు ఆవిడ వెనక్కి పోనివ్వండి. అత్తయ్యా, ఆయన మెడ కాదు, భుజాలు పట్టుకోండి."

"వీడు నన్ను పడేస్తాడేమోనే," అత్తగారి గొంతు.

"పడెయ్యరు లెండి. ఊపిరి తీసుకుని ఒక్కసారి లేవండి ఇద్దరూ."

మంచం కిర్రుమంది. ఏదో గిన్నె దొర్లింది. తర్వాత ఆయన రొప్పు వినిపించింది.

"కూర్చుంది." కుర్చీ బ్రేకు తీసిన చప్పుడు. "ఏమే, అమ్మ ఇంత బరువుంటుందా?"

"రోజూ అంతే ఉంటారు. మళ్లీ పడుకోబెట్టడం కూడా ఇలాగే, చివరినుంచి మొదటికి."

ఫోను సంచిలో పడేసి పోల్ దగ్గరికి వచ్చింది. అరచేయి తొడకు తుడుచుకుని, పైకి చాచి పట్టుకుంది. లోపలి కాలు చుట్టింది. పిక్క మీద చర్మం చురుక్కుమంది. రేపటికి కములుతుందని టీచరు ముందే చెప్పింది.

సంచిలో మళ్లీ మోత మొదలైంది.

"అక్కా, ఫోను మీదేనా?"

"ఫోను నాదేనండీ. పని ఆయనది," అని ఆమె రెండో కాలు నేల మీంచి తీసేసింది.