రెండు తాళాల పెట్టె మీద పడిన నింద

దగ్గరికి రా తల్లీ, ఆ పాత ఫ్యాన్ల గుట్ట తప్పించుకుని ఇలా వచ్చి కూర్చో. ఆ చేతిలో స్క్రూడ్రైవర్ మాత్రం కాస్త అవతల పెట్టు. అనుమానిస్తున్నానని నొచ్చుకోకు, నేను బతికిన చోటు అలాంటిది.

నేను ఒక డీప్ ఫ్రీజర్‌ని. రేకు వంచి, కడుపులో రాగి గొట్టాలు చుట్టి, తెల్ల రంగు పూసి ఫ్యాక్టరీలో నన్ను లారీ ఎక్కించారు. మొదట చేరింది తణుకులో విస్సంరాజుగారి కోళ్ళమందుల కొట్టుకి. కోళ్ళకు వేసే టీకాలు ఒక పక్క, ఆయన మనవళ్ళ పుల్ల ఐసులు ఒక పక్క. రైతులు వచ్చి తామే మూత ఎత్తి, కావలసింది తీసుకుని, "రాజుగారోయ్, ఒకటి తీశానండీ!" అని కేకేసి పోయేవారు. తాళమంటే ఏమిటో నాకు తెలియదు. రాజుగారికి మోకాళ్ళు పట్టేసి కొట్టు మూసేశాక, ఏలూరు వైపు ఒక కాలేజీవాళ్ళు వచ్చి నన్ను కొనుక్కుపోయారు.

అక్కడిదొక చిత్రమైన చదువు. డిగ్రీ అయిపోయిన పిల్లలు మళ్ళీ పైచదువుకి వస్తారు. కంటికి కనపడని పురుగుల్ని పెంచడం, వాటితో మందులు చేసే కంపెనీలు నడపడం, అవి చెడ్డవాళ్ళ చేతుల్లో పడకుండా కాపలా కాయడం నేర్చుకుంటారు. బయోసెక్యూరిటీ అని దాని పేరు. నాకు తెలిసినంతలో, మన వీధి అరుగుల మీద ఉచితంగా దొరికే అనుమానాన్నే అక్కడ పాఠాలుగా చెప్పి పట్టా ఇస్తారు.

వెళ్ళీ వెళ్ళగానే నా ఒంటికి బెజ్జాలు పెట్టి రెండు తాళాలు బిగించారు. ఒక తాళంచెవి ఒకరి దగ్గర, రెండోది మరొకరి దగ్గర. ఇద్దరూ ఎదురుగా నిలబడితే తప్ప నా మూత లేవకూడదు. ఆ విభాగానికి పెద్ద ఇందుమతి మేడమ్ మొదటి రోజే చెప్పేసింది. "దొంగ గోడ దూకి రాడమ్మా. మీ పక్క బెంచీలోంచే లేచి వస్తాడు. ఒకళ్ళ చేతుల మీద ఒకళ్ళు కన్నేసి ఉంచండి."

తాళంచెవులు హిమజకీ గ్రేస్‌కీ ఇచ్చింది. హాస్టల్లో ఒకే గది, ఒకే కంచంలో తినే పిల్లలు. నా ముందుకొచ్చేసరికి మాత్రం పోలీసులైపోయేవారు.

"ఏంటే, అలా గుడ్లప్పగించి చూస్తున్నావ్?"

"చూడమన్నారుగా."

"చూడమన్నది సీసాల్నే తల్లీ, నా మొహాన్ని కాదు."

నవ్వుకునేవారు. ఆ నవ్వు చివర ఓరచూపొకటి మిగిలేది. అది నాకు నచ్చేది కాదు.

దసరా వచ్చింది. నవమి నాడు నాకు గంధం రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. పిల్లలు ప్రసాదం తిని సెలవులకి ఊళ్ళకి వెళ్ళిపోయారు. ఆ తరువాత ఏం జరిగిందో ఒంట్లో చల్లదనం దిగిపోతుంటే నాకు తెలిసింది. చెప్పడానికి నోరేదీ?

సెలవుల తరువాత నా కడుపులోంచి, కోళ్ళకొచ్చే కొక్కెర తెగులు పురుగున్న సీసా ఒకటి తీసి, ఆ పురుగుని పెంచడానికి కోడిగుడ్లలోకి ఎక్కించారు. అది బతకలేదు. మరొకటి తీశారు, అదీ అంతే. సీసాల మీది సిరా కూడా కారిపోయి ఉంది. ఇంకేముంది, ఎవరో అసలు సరుకు కాజేసి ఉత్త నీళ్ళు పోశారన్నారు. అందరి కళ్ళూ హిమజ మీదికి తిరిగాయి. ఎందుకంటే వాళ్ళ నాన్నకి కోళ్ళఫారం ఉంది.

ప్రిన్సిపాల్ తాళంచెవి లాగేసుకున్నాడు. "ఇంట్లోనే టీకా తయారుచేసేద్దామనుకున్నావా? తేలనీ, కాలేజీలోంచి పేరు కొట్టేస్తాను."

"నేను ముట్టుకోలేదు సార్. గ్రేస్ పక్కనే ఉంది, అడగండి."

గ్రేస్ తల వంచుకుంది. "పక్కనే ఉన్నాను సార్. కానీ... ఎప్పుడైనా కళ్ళు పక్కకి తిప్పానేమో, చెప్పలేను."

హిమజ ఏడవలేదు. గ్రేస్ వైపు అదోలా చూసింది. ఆ చూపుకంటే ఏడుపే నయం.

సాక్ష్యం కోసం అందరూ నా చుట్టూ చేరి నన్ను అడుగంటా ఖాళీ చేశారు. పై బుట్టలు తీసేసరికి అడుగున అద్దంలాంటి మంచుపలక కనపడింది. కింది సీసాలన్నీ అందులో అతుక్కుపోయి ఉన్నాయి. ముందుగా చూసింది గ్రేసే.

"సార్, ఇది నూగుమంచు కాదు. కరిగి, నీళ్ళయి, మళ్ళీ గడ్డకట్టింది. దొంగతనం చేసినవాళ్ళు ఇన్ని నీళ్ళెందుకు పోస్తారండీ? కరెంటు పోయుండాలి."

"కాలేజీకంతా జనరేటరుందిగా?" అన్నాడు ప్రిన్సిపాల్.

ఇందుమతి మేడమ్ ముఖం పాలిపోయింది. "కరెంటు పోలేదండీ. నేనే కట్టేశాను. ఆయుధపూజ నాడు పనిముట్టుకి విశ్రాంతి ఇవ్వాలి కదా. మా నాన్నగారు లేత్ మిషన్లన్నీ ఆపేసి పసుపు రాసేవారు. ఆ అలవాటున అందరూ వెళ్ళాక బోర్డు మీది స్విచ్చులన్నీ వరసగా కట్టేశాను. పండగయ్యాక వచ్చి మళ్ళీ వేశాను. ఇది కూడా ఆ వరసలోనే ఉందని తోచలేదు."

చూశావా? మూతకి రెండు తాళాలు, ఇద్దరు కాపలా. స్విచ్చికి ఒక్క వేలు చాలు. నుదుట బొట్టు పెట్టి మరీ నా ఊపిరి ఆపేశారు.

ప్రిన్సిపాల్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "హెడ్డే కట్టేసిందని రాస్తే బయట పరువుంటుందా? పాత మిషను, చెడిపోయిందని రాసేద్దాం. అమ్మాయి మీద ఏమీ లేదు."

మేడమ్ తల ఊపింది.

హిమజ మాత్రం అడిగింది. "నా మీద అనుమానం రావడానికి గంట పట్టలేదు సార్. మేడమ్ చెప్పేదాకా ఆవిడ మీద ఎవరికీ రాలేదేం?"

గ్రేస్ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. హిమజ చెయ్యి వెనక్కి తీసుకుని, బల్ల మీది తన తాళంచెవి అందుకుని బయటికి నడిచింది. ఆ పిల్ల చదువు ఆగకుండా నిలబడింది. స్నేహం సంగతి నేను చెప్పలేను, ఆ వారంలోనే నన్ను ఈ పాత ఇనుప సామాను కొట్టుకి తోలేశారు.

ఒక ఆడపిల్ల చదువు కోసం నింద మొయ్యమంటే మోస్తాను తల్లీ. కానీ మోసేదేమిటో ఒక్కరికైనా తెలియాలి కదా. నువ్వు గుర్తుపెట్టుకో. నలుగురు కూర్చున్న చోట చెప్పు. ఆ పిల్ల తియ్యలేదు, ఆ పెట్టె చెడిపోలేదు అని చెప్పు. నమ్మకపోతే నాకు ప్లగ్గు పెట్టి, మూత మీద చెయ్యి ఆనించి చూడమను.