మెషీన్‌కి రాని పని

"ఇంట్లో కూర్చునే మనిషికి మోకాళ్ళెలా అరుగుతాయి?" అన్నారు మా ఆయన, తిన్న కంచం నా ముందు పెడుతూ. వాళ్ళమ్మ గురించే.

మోకాళ్ళు అరగదీయడమే నా ఉద్యోగం. కీళ్ళు అరిగినవాళ్ళకి ఆపరేషన్ చేసి పెట్టే కృత్రిమ మోకాలు ఉంటుందే, లోహం, మధ్యలో ప్లాస్టిక్ బిళ్ళ, దాన్ని మా ల్యాబ్‌లో మెషీన్ బరువు మోయిస్తూ సెకనుకొక అడుగు నడిపిస్తుంది. పదకొండు రోజులకోసారి ఆపి, బిళ్ళని కడిగి, ఆరబెట్టి తూస్తాను. దాదాపు పది లక్షల అడుగులకి అరిగేది నాలుగైదు ఆవగింజలంత! ఎన్నేళ్ళుగా చూస్తున్నా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

అత్తయ్యకి వచ్చే నెల పెట్టేదీ ఆ రకం మోకాలే. కంపెనీవాళ్ళు ఇప్పుడు దాని పరీక్ష కాగితంలో 'ఇంటిపనులన్నిటికీ పనికొస్తుంది' అని చేర్చమంటున్నారు. కింద సంతకం నాది. కానీ మా మెషీన్‌కి చదునైన నేల మీద నడకే తెలుసు.

అందుకని ఆదివారమంతా అత్తయ్య వెనకాలే తిరిగాను. తడిగుడ్డ పెట్టడానికి, బట్టలు పిండడానికి, మంచం కింద చెప్పు లాగడానికి, గోడ పట్టుకుని కూర్చోవడం, "అమ్మా" అని లేవడం. వద్దని గుడ్డ లాక్కోబోతే ఇవ్వలేదు.

"ఏంటమ్మాయ్, దొంగ వెనక పోలీసులా?" అని నవ్వింది.

చీకటి పడేసరికి తొంభై ఆరుసార్లు. నలభై ఏళ్ళ కాపురానికి లెక్కేస్తే పద్నాలుగు లక్షలు. మెషీన్‌కైనా పదకొండు రోజులకోసారి ఆపి కడిగేవాళ్ళున్నారు. వాచిపోయిన ఆ మోకాళ్ళకి రెండు చేతులెత్తి మొక్కాలనిపించింది. నాకూ ఇన్నాళ్ళూ కనబడలేదే అని సిగ్గేసింది.

సోమవారం మా పెద్ద సారుకి చెప్పేశాను. "కూర్చుని లేవడం కూడా పరీక్ష చేద్దాం సార్. అప్పటిదాకా సంతకం పెట్టను."

"నలభై లక్షల అడుగులు నడిచింది, ఇంకేం కావాలమ్మా? ఈ రోజుల్లో నేల మీద కూర్చునేదెవరు?"

"మీ ఇల్లు తుడిచేదెవరు సార్?"

ఆయన కాగితం వెనక్కి తీసుకుని, "ఎన్నిసార్లు కూర్చోబెట్టమంటావ్?" అన్నారు.

"పద్నాలుగు లక్షలు."

ఇంటికొచ్చేసరికి మా ఆయన అడిగారు, "ఆపరేషన్ అయ్యాక అమ్మ ఎన్నాళ్ళకి పనిలో పడుతుంది?"

"పరీక్ష తేలేదాకా కింద కూర్చోకూడదు."

"మరి పనులో?"

తడిగుడ్డ ఆయన చేతిలో పెట్టాను.

"మీ మోకాళ్ళు ఇంకా కొత్తగానే ఉన్నాయి కదా," అన్నాను.