తలనొప్పమ్మ అందించిన జవాబు

ఆ వైద్య కళాశాలలో చదివిన పిల్లల్లో తలనొప్పమ్మను ఎరగనివాళ్ళు లేరు. చిత్రమేమిటంటే ఆమెకు జన్మలో ఒక్కసారి కూడా తల నొచ్చిన పాపాన పోలేదు. వార్డులో ఆయాగా తిరిగి తిరిగి మోకాళ్ళు అరిగిపోతే, పెద్ద డాక్టరమ్మ జాలిపడి కూర్చుని చేసే పని ఇప్పించింది. పరీక్షల రోజున రోగిలా మంచం మీద కూర్చోవడమే ఆ పని. ఒక్కో విద్యార్థి లోపలికి వస్తాడు. ఏడు నిమిషాల్లో అడగాల్సినవన్నీ అడిగి, అది ఏ తలనొప్పో తేల్చి, ఏ మందు ఇస్తాడో చెప్పాలి. మూల కుర్చీలో ఒక డాక్టరు కూర్చుని కాగితం మీద టిక్కులు పెడుతుంటాడు. గంట కొట్టగానే ఇంకొకడు వస్తాడు.

పన్నెండేళ్ళలో ఆమె పడని తలనొప్పి లేదు. ఒకపక్కన సుత్తితో కొట్టినట్టుండి, వెలుతురు చూస్తే వాంతి వచ్చేది ఒకటి. తలచుట్టూ తాడు బిగించినట్టుండేది ఇంకొకటి. ఉన్నట్టుండి పిడుగులా వచ్చి మనిషిని కూలేసేది మరొకటి. అయితే ఆమెకు కొట్టిన పిండి ముసలివాళ్ళకొచ్చే తలనొప్పి. కణత మీది రక్తనాళం వాచి వస్తుందది. దువ్వెన ఆనితే నెత్తి భగ్గుమంటుంది, నాలుగుసార్లు నమిలేసరికి దవడ పీకేస్తుంది. ఆ దవడ సంగతి అడిగి రాబట్టుకున్నవాడు గట్టెక్కుతాడు. రాబట్టుకోలేకపోతే రోగి కళ్ళు పోతాయి కాబట్టి, ఆ ఒక్క ప్రశ్న మరిచినవాడు పరీక్ష పోయినట్టే.

పెద్ద డాక్టరమ్మ పెట్టిన నియమం ఒకటే. అడిగినదానికే జవాబు చెప్పాలి, అడగనిదానికి నోరు విప్పకూడదు. ఆ ఒక్కటీ తలనొప్పమ్మ వల్ల కాలేదు. పిల్లవాడు పెదాలు తడుపుకుంటూ గడియారం వంక చూస్తుంటే ఆమె చూడలేకపోయేది. ఎవరు కన్న బిడ్డో, రాత్రంతా ఎంత చదివాడో అనిపించేది. "నిద్ర పడుతోందా అమ్మమ్మా?" అని వాడడిగితే, "నిద్రెక్కడిది నాయనా, తిండే సరిగ్గా లేదు, నమిలితే దవడ లాగేస్తుంటే" అని తోకలా తగిలించేసేది. మూల కుర్చీలో ఆయన సగం నిద్రలో ఉండి టిక్కు పెట్టేసేవాడు. పిల్లవాడి ముఖం వెలిగిపోయేది. ఆ వెలుగు చూడటానికే తను పుట్టినట్టు ఆమె మురిసిపోయేది.

అలా గట్టెక్కినవాళ్ళలో చెమటలబ్బాయి ఒకడు. వాడు మంచం దగ్గరికొచ్చేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. తర్వాత వాడు అదే ఆస్పత్రిలో డాక్టరై కూర్చున్నాడు. కనబడితే చాలు, "అమ్మమ్మా, మీ చలవే" అనేవాడు. ఆమె ఆ మాట ఇంటికి మోసుకొచ్చి అక్కకు పదిసార్లు చెప్పేది.

అక్క దర్జీ. ముందుగదిలో కిటికీ పక్కన మిషను, దాని వెనక అక్క. చెల్లెలు ఎంత వాగుడుకాయో అక్క అంత మూగనోము. అడిగితేనే మాట, అదీ సగమే. కుట్టిన గుడ్డ తిరగేసి చూసినా ఎటు లోపలో ఎటు పైనో చెప్పలేం, అంత సన్నటి కుట్టు. డెబ్బై దాటినా సూదిలోకి దారం ఒక్క తడవకే ఎక్కించేది. ఆ కళ్ళతోనే ఇద్దరి ఇల్లూ నడిచేది.

ఒకరోజు అక్క మిషను ఆపి, కణత నొక్కుకుంది. మరునాడూ అంతే. తలనొప్పమ్మ పొంగిపోయిందంటే నమ్మండి. తలనొప్పంటే తన రాజ్యం కదా. నేనుండగా నీకేం భయం, నా చేతిలో పెరిగిన డాక్టరున్నాడు అని చెప్పి, ఆస్పత్రిలో వరస తప్పించి మరీ అక్కను చెమటలబ్బాయి ముందు కూర్చోబెట్టింది.

వాడు ఎంతో మర్యాద చేశాడు. ఎన్నాళ్ళనుంచి అన్నాడు, వారం అంది అక్క. వాంతులున్నాయా అన్నాడు, లేవంది. నిద్ర పడుతోందా అన్నాడు, లేదంది. వాడు ఒక్క క్షణం ఆగాడు, ఇంకా ఏదో వస్తుందని చూసినట్టు. అక్క చేతిసంచి సర్దుకుంటోంది. రోజంతా మిషను మీద వంగి కుట్టడం వల్ల మెడ పట్టేసి వచ్చిన నొప్పి అని తేల్చి, బిళ్ళలు రాశాడు.

పక్కనే నిలబడ్డ తలనొప్పమ్మకు వాడి చేతిరాత మీదే కన్ను. దారిలో, "ఎంత నిదానంగా చూశాడో చూశావా" అంది. అక్క ఇంటికొచ్చి రొట్టె పాలల్లో నానబెట్టుకుని తింది. ఈమధ్య రోజూ అంతే. పళ్ళు రాలే వయసొచ్చిందే నీకు అని చెల్లెలు నవ్వింది. పన్నెండేళ్ళుగా ఆ ప్రశ్నలకు జవాబులు చెప్పిన మనిషే. ఒక్కటీ తనంతట తాను ఎవరినీ అడిగి ఎరగదు.

బిళ్ళలు మొదలుపెట్టిన ఎనిమిదో రోజు పొద్దున అక్క కిటికీ తెరిచి, మళ్ళీ మూసి, మళ్ళీ తెరిచింది.

"ఏమే, కుడిపక్క తెల్లవారలేదు" అంది.

పెద్ద డాక్టరమ్మ చుట్టూ విద్యార్థులుండగా అక్కను చూసింది. వరసగా అడిగింది. దువ్వుకుంటే నొప్పా అంటే అవునంది. నమిలితే దవడ నొప్పా అంటే అవునంది. దవడ ఎన్నాళ్ళనుంచి అంటే, మూడు వారాలంది. మరి డాక్టరుకు చెప్పలేదేమమ్మా అంటే, "అడగలేదు" అంది అక్క. అప్పటికప్పుడే సూది మందు మొదలుపెట్టారు. ఎడమకన్ను నిలుస్తుంది, కుడికన్ను ఇక రాదు అన్నారు. చెమటలబ్బాయి గోడకానుకుని నిలబడ్డాడు. ఈ ప్రశ్నకు పరీక్షలో నీకు పూర్తి మార్కులు కదయ్యా అని పెద్ద డాక్టరమ్మ అడిగితే వాడు నేల చూశాడు. తలనొప్పమ్మ వంక మాత్రం చూడలేదు. చూసి ఉంటే ఆమెకు కొంత నయంగా ఉండేది.

సాయంత్రం ఆమె పెద్ద డాక్టరమ్మ గదికి వెళ్ళి ఉన్నదంతా కక్కేసింది.

"ఎంతమందికి చెప్పావు?"

"పందొమ్మిది మందికమ్మా. అందరూ గుర్తే."

పెద్ద డాక్టరమ్మ కాగితం తీసింది. తలనొప్పమ్మ మొదలుపెట్టింది. చెమటలబ్బాయి. వాడికి ముందు ఏడాది, గోళ్ళు కొరికే అమ్మాయి. తండ్రి పోయిన వారానికే పరీక్షకొచ్చిన పొడుగాయన. నత్తి పిల్ల. కవల పిల్లల్లో చిన్నవాడు. ఒక్కొక్కరి ఊళ్ళు, తల్లుల పేర్లతో సహా చెబుతోంది. ఏడో పేరు ఒక అమ్మాయిది, అక్కడ పెద్ద డాక్టరమ్మ కలం ఆగింది.

"ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుంది?"

"ఏదో పెద్ద ఆస్పత్రిలోనే అట. రోజుకు వందమందిని చూస్తుందట."

పెద్ద డాక్టరమ్మ కలం మూత పెట్టింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకుంది. ఇప్పుడు ఇది బయటికొస్తే కళాశాల పరువు పోతుందనీ, పోయిన కన్ను రాదు కదా అనీ మెల్లగా చెప్పింది. చివర్లో, "గురువారం పరీక్షలున్నాయి. రావాలి నువ్వు. ఈసారి నోరు అదుపులో పెట్టుకో" అంది.

ఆమె ఇంటికొచ్చేసరికి అక్క మిషను ముందే ఉంది. ఒకపక్కకు తల తిప్పి, సూదిలోకి దారం పొడుస్తోంది, తప్పిపోతోంది, మళ్ళీ పొడుస్తోంది. చెల్లెలు చేయి చాపితే ఇవ్వలేదు.

"చెప్పొచ్చావా?"

"చెప్పానక్కా. పేర్లతో సహా చెప్పాను. ఏడుగురివే రాసుకుంది."

"నీది రాయించావా?"

చెల్లెలు మళ్ళీ సూది కోసం చేయి చాపింది.

"ఆ రొట్టె ఎందుకు నానబెట్టుకుంటున్నానో ఇంట్లో ఉన్నదానివి నువ్వడగలేదు" అంది అక్క. గొంతులో కోపం కూడా లేదు. దారం కొస నాలుకతో తడిపి, మళ్ళీ ఎత్తింది.

"వెలుతురుకు అడ్డం నిలబడ్డావు. అవతలికి జరుగు."